ఎడారిలో ఖాళీ నేలను ఖాళీగానే ఉంచాలి

సంపాదకులకు నమస్కారం.

ఎండాకాలం వచ్చిందంటే మన పత్రికల్లో 'ఎడారిగా మారుతున్న సీమ' అన్న శీర్షిక తప్పదు. వెనకే పరిష్కారాలూ వస్తాయి. కోట్ల మొక్కలు నాటాలనీ, గుట్టల మీద విత్తన బంతులు చల్లాలనీ, అమెరికాలో ఎడారులను పచ్చగా మార్చినట్టు మనమూ మార్చాలనీ రాస్తారు. ఆ ఆఖరి మాట దగ్గరే మాకు పేచీ. అరిజోనాలో గిరిజనుల ఎడారి భూములను చూసుకునే పర్యావరణ నిపుణుల పని దీనికి దాదాపు తలకిందులుగా ఉంటుంది. అక్కడ బోలెడు డబ్బూ చెమటా మొక్కలు నాటడానికి కాదు, పీకడానికి ఖర్చవుతాయి. ఆ పని ఎలా నడుస్తుందో, అందులో అనంతపురానికి పనికొచ్చేదీ రానిదీ ఏమిటో రాస్తున్నాం. ఉత్తరం పొడుగైతే మన్నించాలి. కొలతలు వదిలేసి ఈ విషయం చెబితే ఉపన్యాసమే మిగులుతుంది.

ముందు చోటు చెప్పాలి. అరిజోనా దక్షిణాన మెక్సికో సరిహద్దును ఆనుకుని టొహోనో ఓధమ్ జాతి భూములున్నాయి. విస్తీర్ణం సుమారు 28 లక్షల ఎకరాలు, ముఖ్య పట్టణం సెల్స్. బయటివాళ్లు పెట్టిన 'పపాగో' పేరును 1986లో తీసేసి తమ పేరు తామే పెట్టుకున్నారు. ఇది సొనోరా ఎడారి. ఏడాదికి కురిసేది 250-300 మిల్లీమీటర్లు, అనంతపురంలో పడేదాంట్లో సగం. అదీ రెండు విడతల్లో వస్తుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా ఉరుముల వానలు, డిసెంబరు నుంచి మార్చి దాకా సన్నటి ముసురు. మధ్యలో మే, జూన్ నెలలు నిప్పులగుండం.

ఆ నేల మీద నిలబడి చూస్తే చెట్టుకీ చెట్టుకీ మధ్య నాలుగైదు అడుగుల ఖాళీ కనిపిస్తుంది. మన కళ్లకు అది లోటు. నిజానికి ఎడారికి ఆ ఖాళీయే రక్ష. పిడుగు పడి ఒక చెట్టు అంటుకుంటే అదొక్కటే కాలి ఆరిపోతుంది, పక్కదానికి మంట నడిచిపోవడానికి కింద గడ్డి ఉండదు. వేల ఏళ్లుగా మంటలు పెద్దగా ఎరగని మొక్కలవి. సగ్వారో అనే స్తంభం లాంటి జెముడు మొదటి పదేళ్లలో మహా అయితే రెండంగుళాలు పెరుగుతుంది. కొమ్మ వేయడానికి యాభై, డెబ్భై ఏళ్లు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నూట యాభై ఏళ్లు బతికే అలాంటి మొక్క చర్మం ఒక్కసారి కాలితే తేరుకోవడం కష్టం. వెంటనే చావకపోయినా మూడు నాలుగేళ్లలో కూలుతుంది.

ఆ ఖాళీని నింపుతున్నది బఫెల్ గడ్డి. శాస్త్రీయ నామం సెంక్రస్ సిలియారిస్. మన పశుసంవర్ధక శాఖ కరపత్రాల్లో 'అంజన్ గడ్డి' పేరుతో మెట్ట రైతులకు సిఫారసు చేసేది దీన్నే. ఇక్కడ ఇది సొంత గడ్డి. వేల ఏళ్ల మేతకు అలవాటు పడింది, గొర్రె కొరికితే అదుపులో ఉంటుంది. అరిజోనాకు 1930ల్లో నేల కోత ఆపడానికి, పశువుల మేతకు ప్రభుత్వమే తెప్పించింది. 2005లో అదే రాష్ట్రం దీన్ని ప్రమాదకర కలుపుగా ప్రకటించాల్సి వచ్చింది. ఎదురు బాకీగా అమెరికా ఖండం నుంచి మనకొచ్చిన సర్కారు తుమ్మ కథ పాఠకులకు తెలిసిందే.

బఫెల్ దుబ్బులు రాతి కొండల దక్షిణపు వాలు మీద, రోడ్ల అంచుల్లో, వాగుల ఒడ్డున మొదలవుతాయి. ఎండితే నిలువెత్తు కట్టెలా నిలబడి ఉంటాయి. అంటుకుంటే వేడి 700 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. కాలిన నాలుగు వారాలకు, ఒక్క వాన పడగానే మొదలు నుంచి మళ్లీ చిగురించేది ఆ గడ్డే. కాలి చచ్చింది జెముళ్లు, పాలో వర్డే చెట్లు. ఆ ఖాళీలోకి మరింత బఫెల్ వస్తుంది. రెండు మూడు సార్లు ఇలా కాలితే ఎడారి పోయి గడ్డి మైదానం మిగులుతుంది.

దీన్ని తీయడానికి రెండు దారులున్నాయి. మొదటిది పలుగు. వాన పడి నేల మెత్తబడ్డాక దుబ్బు మొదలు కిందికి పలుగు దింపి, పైకి లేపి, వేళ్లతో సహా తీయాలి. ఆకులు పట్టుకుని లాగితే పైభాగం చేతికొస్తుంది, మొదలు నేలలోనే ఉండి పది రోజుల్లో మళ్లీ లేస్తుంది. కొత్తగా వచ్చిన కూలీలు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. తీసిన దుబ్బును దులిపి మట్టి వదిలించి, వేళ్లు పైకి వచ్చేలా రాయి మీద బోర్లించాలి. మట్టి అంటుకుని పక్కకు పడితే వానకు మళ్లీ పాతుకుంటుంది. కంకులుంటే మాత్రం ముందు కంకులు సంచిలోకి పోవాలి, తర్వాతే దుబ్బు. తవ్విన గుంటను కాలితో తొక్కి సమం చేయాలి, వదులు మట్టిలో పాత గింజలు తేలిగ్గా మొలుస్తాయి. నేలలో గింజ కొన్నేళ్లు బతికే ఉంటుంది కాబట్టి ఒకసారి పీకిన చోటికి కనీసం మూడేళ్లు వరసగా వెళ్లాలి. ఒక్క ఏడు మానితే మొదటి ఏడు చేసిన పని వృథా.

గుర్తు పట్టడమూ పనే. స్థానికంగా దీన్ని పోలిన గడ్డులున్నాయి. బట్టకు బల్లెంలా గుచ్చుకునే గింజల గడ్డి ఒకటుంది, రాయలసీమ గుట్టల మీదా అదే గడ్డి పెరుగుతుంది. దూరం నుంచి ఎండిన దుబ్బులు రెండూ ఒకేలా గోధుమ రంగులో ఉంటాయి. బఫెల్ కంకిని రెండు వేళ్ల మధ్య పట్టి మొదటి నుంచి చివరికి దూస్తే నూగు లాంటి గింజలన్నీ రాలిపోయి సన్నటి ఈనె మిగులుతుంది. దాని మీద గోరు నడిపితే ఆకురాయిలా గరగరలాడుతుంది. ఈ పరీక్ష నేర్పకుండా జట్టును కొండ మీదికి పంపితే సాయంత్రానికి సొంత గడ్డిని సంచుల్లో నింపుకొస్తారు.

రెండో దారి కలుపు మందు. ఎకరాలకెకరాలు పరుచుకున్న చోట పలుగు చాలదు. గ్లైఫోసేట్‌ను వీపు పంపుతో 2-3 శాతం ద్రావణంగా కొడతారు, అంటే 15 లీటర్ల పంపుకు 300 నుంచి 450 మిల్లీలీటర్లు. ఇది ఆకుల ద్వారా వేరుకు చేరే మందు, ఆకు పచ్చగా ఉంటేనే పనిచేస్తుంది. దుబ్బులో కనీసం సగం పచ్చగా ఉండాలన్నది నియమం. ఆ దశ జులై చివరి నుంచి సెప్టెంబరు దాకా కొన్ని వారాలే ఉంటుంది, వానలు ముఖం చాటేసిన ఏడాది పది రోజులు కూడా దక్కకపోవచ్చు. ఎండిన గడ్డి మీద కొట్టడం డబ్బు పారబోయడమే. నీళ్లూ సమస్యే. అక్కడి బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, అది గ్లైఫోసేట్‌ను పట్టేసుకుంటుంది. అందుకని పంపులో నీళ్లు పోశాక ముందు అమ్మోనియం సల్ఫేట్ కలిపి, తర్వాత మందు పోయాలి. వరస తిరగేస్తే ప్రయోజనం లేదు. కుంటలోని బురదనీళ్లు అసలు వాడకూడదు, మట్టి రేణువులకు అంటుకున్న మందు చచ్చినట్టే. ఎక్కడ కొట్టారో తెలియడానికి నీలం రంగు కలుపుతారు. జనం కాయలు, మందు మొక్కలు ఏరుకునే చోట పిచికారీ వద్దని ఊరివాళ్లంటే అక్కడ పలుగే గతి.

డబ్బు సంగతి వేరే తిప్పలు. అమెరికా ఫెడరల్ ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. అప్పటికి గడ్డి ఎండిపోతుంది. మంజూరు పత్రం, టెండరు, మనుషుల నియామకం పూర్తయ్యేసరికి వేసవి నెత్తిమీదికొస్తుంది. జూన్ నెలాఖరుకు జట్టు, మందు, అనుమతులు మూడూ సిద్ధంగా లేకపోతే ఆ ఏడాదికి మందు పని లేనట్టే. ఈ క్యాలెండరు తెలియని అధికారి మార్చిలో 'ఇంకా ఖర్చు చేయలేదేం' అని అడుగుతాడు. ఆ ఒత్తిడికి లొంగి ఏప్రిల్‌లో మందు కొట్టించినవాళ్లూ ఉన్నారు.

ఈ జెముళ్ల కోసం ఇంత తాపత్రయం ఎందుకంటే, టొహోనో ఓధమ్‌ల ఏడాది వాటితోనే మొదలవుతుంది. జూన్ చివర్లో, వానలకు ముందు సగ్వారో పళ్లు పండుతాయి. ఎండిన సగ్వారో లోపలి బద్దలనే కలిపి కట్టిన పొడవాటి కర్రతో పళ్లు రాలుస్తారు. పండుకు అంటుకున్న ఎండిన పువ్వు అంచే కత్తి, దాంతోనే పండు చీల్చి గుజ్జు తీసుకుంటారు. ఖాళీ తొక్కను ఎర్రటి లోపలి వైపు ఆకాశానికి తిప్పి నేల మీద ఉంచుతారు, వాన రావాలని. గుజ్జు కాచి పాకం చేస్తారు. కొంత పులియబెట్టి వానను పిలిచే పండుగలో తాగుతారు.

కాబట్టి జెముళ్ల లెక్క అంటే పొడుగువి ఎన్నున్నాయని చూడటం కాదు, పిల్లలున్నాయా అని చూడటం. ఒక పండులో రెండు వేల దాకా గింజలుంటాయి. మొలిచి బతికేది ఎక్కడో ఒకటి, అదీ పాలో వర్డే, మెస్కీట్ లాంటి చెట్టు నీడలో. బొటనవేలి గోరంత ఉండే పిల్లను చూడాలంటే ముళ్ల చెట్టు కిందికి మోకాళ్ల మీద పాకాలి. నిలబడి లెక్కపెట్టిన సర్వేలో పిల్లలు 'లేవు' అని తేలుతుంది, ఆ సర్వేను నమ్మలేం. వెతికి చూసినా మీటరు లోపు మొక్కలు దొరక్కపోతే ఆ చోట నీడనిచ్చే చెట్లను ఎవరైనా వంటచెరకుకు కొట్టారా, పశువులు కింద పడుకుంటున్నాయా అని వెతకాలి. సగ్వారో నారు తెచ్చి నాటడం దీనికి జవాబు కాదు, నీడ చెట్టును కాపాడటమే జవాబు.

నీటి సంగతికి వద్దాం. ఎడారి వాన గంటలో ముగుస్తుంది. నీళ్లు పలచటి పొరలా నేలంతా పరుచుకుని పోతే ఇంకుతాయి, ఒక గాడిలోకి దూరితే కోత పెడతాయి. ఆ గాడి చాలాసార్లు మనిషి చేసిందే. వాలుకు అడ్డంగా వేసిన మట్టి రోడ్డు పరుచుకొచ్చిన నీళ్లన్నీ పట్టి ఒకచోట వదులుతుంది, అక్కడ వాగు పుడుతుంది. అందుకని వాగులో రాళ్లు వేసే ముందు రోడ్డు చూడాలి. రోడ్డు మీద అక్కడక్కడా వెడల్పాటి పల్లం, దాని దిగువన మెల్లటి మెరక కట్టి నీళ్లను కొంచెం కొంచెంగా పక్కకు వదిలితే సగం వ్యాధి నయమవుతుంది. పల్లం ఇరుకుగా, లోతుగా చేస్తే ట్రక్కులు గుద్దుకుంటాయి. మరుసటి నెల గ్రేడరు (మట్టి రోడ్డును చదును చేసే యంత్రం) నడిపేవాడు దాన్ని చదును చేసి వెళ్తాడు. అందుకే గ్రేడరు డ్రైవరుకు చెప్పి చేయడం కూడా పనిలో భాగమే.

తర్వాత రాళ్లు. నైరుతి అమెరికాలో బాగా నిలబడ్డ పద్ధతి ఒకే వరస ఎత్తు రాతికట్ట. పేరులోనే కొలత ఉంది, రాయి మీద రాయి పెట్టకూడదు. ఎత్తు పెంచే బదులు నీరు పారే దిశలో నాలుగైదు వరసల వెడల్పు ఇవ్వాలి. కట్ట ఎత్తు ఆ వాగు నిండుగా పారినప్పటి లోతులో మూడో వంతు దాటకూడదు. దిగువ వరస రాళ్లను చిన్న కాలువ తవ్వి అందులో దించాలి, వాటి పైభాగం వాగు అడుగుతో సమంగా ఉండాలి. కట్ట దూకిన నీళ్లు పడేది వాటి మీదే. గుండ్రటి రాళ్లు దొర్లిపోతాయి, కోణాలున్న రాళ్లను నిలువుగా, ఒకదానికొకటి ఒరిగేలా బిగించాలి. రెండు చివర్లు ఒడ్డులోకి చొచ్చుకుని మధ్య కంటే కాస్త ఎత్తుగా ఉండాలి. చివర్లు తక్కువైతే నీళ్లు కట్టను చుట్టుకుపోయి కొత్త ఒడ్డును కోస్తాయి. ఎత్తు ఎక్కువైతే దిగువన గుంత పడి కట్ట మొత్తం అందులోకి కూలుతుంది. మన వాటర్‌షెడ్ పనుల్లో కట్టిన రాతికట్టలు ఎన్నో రెండో వానాకాలానికే విరిగిపోవడం ఊళ్లో అందరూ చూసిందే. కొలతల పుస్తకంలో ఘనపు మీటర్లకు బిల్లు వస్తుంది కాబట్టి ఎత్తు పెంచుతారు, ఎత్తు పెరిగింది కాబట్టి కూలుతుంది.

వాగు పై అంచు మెట్టులా తెగిపడుతూ ఎగువకు పాకే చోట కట్ట సరిపోదు. జూని గిరిజనుల పేరు మీద పిలిచే రాతి గిన్నె అక్కడ కావాలి. ఆ మెట్టు ముఖానికి రాళ్లు పరిచి, అడుగున రాళ్లతో గిన్నెలా చేసి, దూకిన నీటి ఊపును ఆ మడుగులోనే విరగ్గొడతారు. మెట్టు ఎత్తుకు నాలుగు నుంచి ఆరు రెట్ల దూరంలో దిగువన ఒక వరస రాతికట్ట వేస్తే గిన్నెలో తడి నిలుస్తుంది, గడ్డి వేళ్లు పట్టుకుంటాయి. పెద్ద ఇసుక వాగుల్లో ఇవేవీ పనికిరావు, ఒక వరదకు రాళ్లు ఇసుకలో మునిగిపోతాయి.

ఈ నీటి తెలివి ఇంజినీర్లు తెచ్చింది కాదు. ఓధమ్ రైతులు కొండ వాగు మైదానంలోకి విచ్చుకునే ముఖద్వారం దగ్గర పొలం పెట్టుకుని, మెస్కీట్ కొమ్మలతో కంపకట్టలు వేసి, మొదటి వరద తడిపిన నేలలో టెపరీ చిక్కుళ్లు, రెండు నెలల మొక్కజొన్న, గుమ్మడి వేసేవాళ్లు. టెపరీ మన ఉలవలా మొండిది. నీళ్లు ఎక్కువ పెడితే తీగ సాగి కాయ తగ్గుతుంది. డ్రిప్పు వేసి రోజూ తడిపి, కాయలు రాలేదని వాపోయే ఉత్సాహవంతులు ప్రతిచోటా ఉంటారు.

మేత లెక్కలకు ఇంకా ఓపిక కావాలి. మీటరు పొడుగు, మీటరు వెడల్పు ఇనుప చట్రం నేల మీద వేసి, అందులోని మేతగడ్డిని కోసి, 60 డిగ్రీల ఓవెన్‌లో 48 గంటలు ఎండబెట్టి తూచాలి. వచ్చిన గ్రాములను పదితో గుణిస్తే హెక్టారుకు కిలోలు. ఎడారి పచ్చికలో సగటున 20 గ్రాములు వచ్చాయనుకుందాం, హెక్టారుకు 200 కిలోలు. అందులో పశువులకు వదిలేది 30 శాతమే, మిగతాది మొక్క బతకడానికి, నేల కప్పుకోవడానికి. అంటే 60 కిలోలు. ఒక ఆవు రోజుకు సుమారు 12 కిలోల ఎండుమేత తింటుంది. హెక్టారు ఐదు రోజులకు సరి. ఒక ఆవుకు ఏడాదికి 73 హెక్టార్లు, మన లెక్కలో 180 ఎకరాలు. ఈ అంకె చెప్తే మనవాళ్లు నవ్వుతారు, అక్కడి పశువుల కాపరులు నవ్వరు.

లెక్క అక్కడితో అవదు. నీటి తొట్టికి మైలు లోపు మేత మొత్తం లెక్కలోకి వస్తుంది. ఒకటి నుంచి రెండు మైళ్ల దూరంలోది సగమే. రెండు మైళ్లు దాటితే సున్నా, ఆవు అంత దూరం నడవదు. వాలు 60 శాతం దాటిన కొండ మీదిదీ సున్నాయే. మ్యాపులో విస్తీర్ణం చూసి అనుమతి ఇస్తే తొట్టి చుట్టూ నేల నున్నగా అయిపోతుంది, దూరాన గడ్డి నిలబడి ఎండుతుంది. దీనికి కంచె కంటే చవకైన ఉపాయం తొట్టి కుళాయే. ఒక తొట్టి కట్టేసి ఇంకోటి తెరిస్తే మంద తనంతట తానే మారుతుంది. అడవి జంతువులకు మాత్రం కొంచెం నీరు వదలాలి.

పశువులను లెక్కపెట్టే అధికారిని గిరిజనులు అనుమానంగా చూస్తారు. కారణం ఉంది. ఉత్తరాన నవహో భూముల్లో 1933 నుంచి ప్రభుత్వం నేల కోత పేరుతో గొర్రెల్ని, మేకల్ని బలవంతంగా తగ్గించింది. అనేక మందలను అక్కడికక్కడే చంపి వదిలేశారు. మేతలో ఒక ఆవు నాలుగు గొర్రెలకు, గుర్రం ఐదు గొర్రెలకు సమానమన్న లెక్క ఆనాటి నుంచి వచ్చిందే. నేల కోత నిజమే కావచ్చు. కుటుంబాల చేతి నుంచి, ముఖ్యంగా ఆడవాళ్ల చేతి నుంచి ఆస్తి లాగేసుకున్న తీరు మాత్రం మూడు తరాల తర్వాత కూడా మర్చిపోలేదు. చట్రం పట్టుకుని వెళ్లే కుర్ర శాస్త్రవేత్తకు ఈ చరిత్ర తెలియకపోతే మొదటి సమావేశంలోనే తలుపులు మూసుకుంటాయి.

కాలువ నీళ్ల గురించి క్లుప్తంగా. హీలా నది గిరిజనుల నీళ్లను 19వ శతాబ్దంలోనే ఎగువ రైతులు మళ్లించుకున్నారు, పంటలు పండించి అమ్మిన జాతి ఆకలి పాలైంది. 2004 చట్టంతో వాళ్లకు ఏటా 6,53,500 ఎకరం-అడుగుల (ఎకరం నేల మీద అడుగు లోతున నిలిచే నీళ్లు ఒక ఎకరం-అడుగు) హక్కు దక్కింది, సుమారు 28 టీఎంసీలు. ఓధమ్‌ల శాన్ జేవియర్ ప్రాంతంలో టూసాన్ నగరం, గనులు, పొలాలు భూగర్భ జలాన్ని తోడేయడంతో పెద్ద మెస్కీట్ అడవి నిలువునా ఎండింది. 1982 చట్టంతో ఓధమ్‌లకు 66,000 ఎకరం-అడుగులు, అంటే మూడు టీఎంసీలకు కాస్త తక్కువ, దక్కాయి. అయితే కొలరాడో నది నుంచి కాలువలో వచ్చే నీళ్లు ఉప్పు మోసుకొస్తాయి. లీటరుకు 650 మిల్లీగ్రాముల లెక్కన ఒక్కో ఎకరం-అడుగుతో 800 కిలోల ఉప్పు పొలంలో దిగుతుంది. అప్పుడప్పుడూ అవసరానికి మించి నీళ్లు పెట్టి ఉప్పును వేళ్ల కిందికి కడగకపోతే పదేళ్లలో పొలం తెల్లబడుతుంది. హీలా జాతి 2015 నుంచి ఈ నీళ్లలో కొంత ఎండిన నదిలోకే వదిలి ఇంకిస్తోంది. భూగర్భ జల నిల్వ పద్దులో జమ అవుతుంది, ఒడ్డున బుట్టలల్లే జమ్ము, విల్లో మళ్లీ మొలిచాయి.

ఇన్ని సాంకేతిక సంగతులకూ ముందు వచ్చేది అనుమతి. ఓధమ్ జాతిలో 11 జిల్లాలున్నాయి, ప్రతి జిల్లాకూ సొంత మండలి. పని జిల్లా మండలిలో తీర్మానం కావాలి, పశువుల సంఘం వినాలి, జాతి శాసన మండలికి వెళ్లాలి. భూమి హక్కు అమెరికా ప్రభుత్వం ధర్మకర్తగా ఉంచుకున్నది కాబట్టి ఫెడరల్ పర్యావరణ పరిశీలనా తప్పదు. పలుగు దించే ప్రతిచోటా ముందు పురావస్తు పరిశీలన జరగాలి, పాత కుండపెంకు దొరికితే ఆ చుట్టూ పని ఆగుతుంది. సేకరించిన సమాచారం జాతి సొత్తు. మందు మొక్క ఎక్కడుందో, ఊట ఎక్కడుందో మ్యాపులో వేసి ప్రచురించడం కుదరదు. ప్రచురణ కోసం తొందరపడే విశ్వవిద్యాలయాలకు ఇది చేదుగా ఉంటుంది. కానీ 1975 నాటి స్వయం నిర్ణయ చట్టం వచ్చాక, అంతకుముందు ఫెడరల్ శాఖ నడిపిన పనుల్ని చాలా జాతులు ఒప్పందంపై తామే నడుపుకుంటున్నాయి. అక్కడ పర్యావరణ నిపుణుడు జాతికి ఉద్యోగి, యజమాని కాడు. మన అటవీ హక్కుల చట్టం 2006 కూడా గ్రామసభకు సామూహిక అటవీ వనరుల మీద ఇదే అధికారాన్ని కాగితం మీద ఇచ్చింది. నల్లమల చెంచు గూడేల్లో మొక్కలు నాటే పథకం గుంతలు తవ్వడంతో మొదలవుతోందా, గ్రామసభ తీర్మానంతో మొదలవుతోందా అన్నది మీ విలేకరులు అడగదగ్గ ప్రశ్న.

అనంతపురానికి ఇందులో నేరుగా వచ్చేవి ఒక వరస రాతికట్ట, రోడ్డు నీళ్ల మళ్లింపు, చదరపు మీటరు చట్రం. 550 మిల్లీమీటర్ల వాన పడే నేల సొనోరా కాదు, 180 ఎకరాల లెక్క ఇక్కడ చెల్లదు. కురుబ, గొల్ల కాపరులను అడిగి, మన గుట్ట మీద మనం కోసి తూచి తెచ్చిన అంకె కావాలి. మెట్ట గడ్డిభూములను 'బంజరు' పద్దులో రాసి చెట్లతో నింపడం మాత్రం రెండు దేశాల్లోనూ ఒకే తప్పు. రోళ్లపాడులో బట్టమేక పక్షి కోసం అభయారణ్యం పెట్టింది ఆ గడ్డి మైదానం ఉన్నందుకే, దానికి చెట్ల నీడ అక్కర్లేదు.

కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి నది ఇసుక దిబ్బలది వేరే లెక్క. అక్కడ నిజంగానే నాటాలి, కానీ ఇసుక కదలడం ఆగాకే. వరిగడ్డి లేదా కంప గడలను మీటరు చదరపు గళ్లుగా, ఇసుక పైకి జానెడు ఎత్తు ఉండేలా గాలికి ఎదురుగా ఉన్న వాలు మీద ముందు గుచ్చాలి. అడ్డు గోడలా దట్టంగా కట్టకూడదు, గాలి సగం దూరేలా ఉండాలి. దట్టంగా ఉంటే గాలి పైనుంచి దూకి వెనక గుంత తవ్వుతుంది. గడ్డి రెండు మూడేళ్లలో కుళ్లేలోపు గళ్ల మధ్య స్థానిక గడ్డి, పొదలు పట్టుకోవాలి. ఆ మూడేళ్లూ మేకలు ఎక్కడ మేస్తాయో ముందే తేల్చకపోతే గడలు పొయ్యిలోకి, మొక్కలు మేకల నోట్లోకి పోతాయి.

ఇట్లు,
గిరిజన ఎడారి భూముల పనిలో ఉన్న పాఠకులు,
టూసాన్, అరిజోనా